కొన్న తరువాతనే కొరివి

రాజధాని నగరంలో ధరల పెరుగుదల గురించి ఈ లేఖలో పలుమార్లు వ్రాయవలసి వచ్చింది. ఈ వారం ధర అమాంతంగా పడిపోయిన ఒక వస్తువును గురించి వ్రాయవలసి ఉన్నది. అది నిత్యావసర వస్తువు కాదు. దానిపై పార్లమెంటులో ఏ సభ్యుడూ ప్రశ్న వేయడు. విదేశంలో తయారై, రెండే తలుపులతో, నేలకు ఆనినట్లుండి, కదలకుండా నిలబడి ఉన్నప్పుడు కూడా పరుగెత్తుతున్నట్లు కనిపించే కారు అది. కూపే అంటారు. కొత్తగా ఉన్నప్పుడు యాభై అరవై లక్షలు పలికిన ఈ బాపతు కారు పది పన్నెండేళ్లు గడిచేసరికి కరోల్‌బాగ్ పాతకార్ల దుకాణాలలో తొమ్మిది పది లక్షలకు దొరుకుతుంది. అంటే కాస్త మంచి రకం కొత్త మారుతీ కారు ధరకే.

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని మనవారి సామెత. ఈ కార్ల విషయంలో అది సగమే వర్తిస్తుంది. అమ్మబోతే అడవే. కొనబోయినా అడవే. కొరివి మాత్రం కొన్న తరువాత చేతికి వస్తుంది.

ఆ కొరివిని చేతబట్టిన ఒక మిత్రుడు నాకున్నాడు. తెనాలి ప్రాంతంవాడు, ఒక ప్రైవేటు సంస్థలో ఇంజనీరు, మయూర్ విహార్‌లో నివాసం. తండ్రిగారు బడిపంతులు. ఆయన జీవితాంతం ఇంటి ఖర్చులను పద్దుల పుస్తకంలో పైసలతో సహా వ్రాసి ఉంచినవారు. కుమారునికి ఆ అలవాటు సంక్రమించింది గాని, ఆ పొదుపు సంక్రమించలేదు. 2022 జూన్‌లో ఆయన 2012 నాటి జర్మన్ కూపే ఒకటి కొన్నారు. రెండు లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను, రెండు క్లచ్‌ల గేర్‌బాక్సు. వెల తొమ్మిది లక్షలు. అప్పటికది నడిచినది 48 వేల కిలోమీటర్లు. ఇంటిల్లిపాదీ దిగ్భ్రాంతి చెందారు. ఆనాటి నుంచీ ప్రతి ఖర్చునూ ఆయన డైరీలో వ్రాస్తున్నారు. తయారీదారు పేరు వ్రాయరాదనే షరతుపై ఆ డైరీని నాకు ఇచ్చారు.

మొదటి సంవత్సరపు పద్దు ఇది. పెట్రోలు 72,540 రూపాయలు. నాలుగు టైర్లు 72,000. ముందు చక్రాల బ్రేకు డిస్కులు, ప్యాడ్లు 54,000. నీటి పంపు, థర్మోస్టాట్ 46,000. బీమా 31,000. గేర్‌బాక్సు నూనె, ఫిల్టరు 28,000. ఇంజను నూనె మార్పు, సర్వీసు 22,000. బ్యాటరీ 18,000. మొత్తం 3,43,540 రూపాయలు. ఆ ఏడాది కారు తిరిగినది ఆరువేల కిలోమీటర్లు. భాగించి చూడగా కిలోమీటరుకు 57 రూపాయలు పైచిలుకు తేలింది. 2023 జనవరిలో ఢిల్లీ ప్రభుత్వం సవరించిన ధరల ప్రకారం ఏ.సి. టాక్సీకి కిలోమీటరుకు 20 రూపాయలు. పైగా టాక్సీలో వెనుక సీటులో మనిషి కూర్చోవచ్చు. మిత్రుని కారులో వెనుక సీటు ఉన్నది గాని, అది చిన్నపిల్లల కోసమో, కూరగాయల సంచి కోసమో ఉద్దేశించినది. అత్తగారు విజయవాడ నుంచి వచ్చినపుడు ఆవిడను స్టేషను నుంచి తీసుకురావడానికి టాక్సీ పిలవవలసి వచ్చిందట. ఆ పద్దు కూడా కారు ఖాతాలోనే వ్రాశారు.

న్యాయంగా చెప్పాలంటే మొదటి ఏడాది లెక్కను యథాతథంగా తీసుకోరాదు. టైర్లు మూడు నాలుగేళ్లు వస్తాయి; బ్రేకు డిస్కులు అంతకన్నా ఎక్కువే వస్తాయి. వెనుకటి యజమాని వాయిదా వేసిన ఖర్చులన్నీ కొత్త యజమాని నెత్తిన ఒకేసారి పడ్డాయి. పాతకారు కొన్న మొదటి సంవత్సరం ఎవరికైనా ఇదే అనుభవం. అయితే ఆ పద్దులో ఒక విశేషం గమనింపదగినది. పెట్రోలు వాటా ఐదవ వంతు మాత్రమే. పాతకారు కొనదలచిన వారు ముందుగా వేసే ప్రశ్న, లీటరుకు ఎంత ఇస్తుందన్నది. ఈ కారు నగరంలో ఎనిమిది కిలోమీటర్లు ఇస్తుంది. పది ఇచ్చినా ఏడాదికి మిగిలేది పద్నాలుగువేల అయిదువందలే. అసలు ఖర్చు ఉన్నచోటు వేరు.

*

2015 ఏప్రిల్‌లో ఆడి టీటీ మూడవ తరం కారు మన దేశంలో విడుదలైనపుడు ఢిల్లీ షోరూము ధర 60.34 లక్షల రూపాయలు. ఇటువంటి కార్లు పూర్తిగా తయారై ఓడలో వచ్చేవి గనుక వాటిపై ఆ రోజుల్లో 60 శాతం నుంచి 100 శాతం దాకా దిగుమతి సుంకం ఉండేది. దానిపై ఢిల్లీ రోడ్డు పన్ను, పది లక్షలు దాటిన పెట్రోలు కారుకు నూటికి పది చొప్పున, మరో ఆరు లక్షలు. ఇన్ని పన్నులతో ఉబ్బిన ధర ఏటేటా కరిగిపోతుంది. కారు మొదటి యజమాని కట్టిన సుంకాన్ని రెండవ యజమాని తిరిగి చెల్లించడు. ఇంతవరకు బాగానే ఉన్నది.

కరగనిది విడిభాగాల ధర. కారు విలువ తొమ్మిది లక్షలకు దిగిందని నీటి పంపుకు తెలియదు. అది ఇప్పటికీ యాభై లక్షల కారు పంపే. జర్మనీలోనో, హంగరీలోనో తయారై, సుంకం కట్టుకొని, నేటి మారకపు రేటుకు వస్తుంది. 2022 మధ్యలో యూరో ఎనభై రూపాయల చుట్టుపక్కల ఉండగా, 2025లో నూరు దాటింది. అంటే కారు ముసలిదవుతున్న కొద్దీ దాని భాగాలు ప్రియమవుతున్నాయి. మారుతీ వంటి కారుకు విడిభాగం ప్రతి జిల్లా కేంద్రంలోనూ దొరుకుతుంది. ఒక నగరంలో కొన్ని పదులు, మహా అయితే కొన్ని వందలు ఉండే కూపేకు భాగం నిల్వ ఉంచే వ్యాపారి ఎవరు?

ఢిల్లీలో ఈ ప్రశ్నకు కశ్మీరీ గేటు కొంత సమాధానం చెబుతుంది. పాత కోట గోడల చెంత ఆ ఇరుకు సందులలో విడిభాగాల దుకాణాలు లెక్కకు మించి ఉన్నాయి. అక్కడ దొరకనిది మాయాపురిలోని తుక్కు బజారులో దొరకవచ్చు. ప్రమాదంలో నుజ్జయిన అదే రకం కారు ఎక్కడైనా ఉన్నదా అని దళారులు ఫోనుల మీద వెదకుతూ ఉంటారు. మిత్రుని కారు కుడివైపు అద్దం ఆ విధంగా లూధియానా నుంచి వచ్చింది. రంగు కలవలేదు. తిరిగి రంగు వేయించడానికి అయిన ఖర్చు అద్దం ఖరీదులో సగం.

రెండవ సంవత్సరం డైరీ ప్రశాంతంగా ఉన్నది. లక్షా అరవైవేలతో గడిచింది. మూడవ సంవత్సరంలో గేర్‌బాక్సు మొరాయించింది. రెండు క్లచ్‌ల గేర్‌బాక్సు అంటే ఒక క్లచ్ ఒకటి, మూడు, అయిదు గేర్లను, రెండవది రెండు, నాలుగు, ఆరు గేర్లను పట్టుకొని ఉంటాయి. ఒకటి నడుపుతుండగా రెండవది తరువాతి గేరును సిద్ధంగా ఉంచుతుంది. అందువల్లనే కుదుపు లేకుండా కనురెప్ప వేసే లోపల గేరు మారుతుంది. ఈ పని చేయించేది నూనె ఒత్తిడినీ విద్యుత్ సంకేతాలనూ కలిపి నడిపే ఒక పెట్టె. జర్మనీ ఎక్స్‌ప్రెస్ రహదారులపై అది హాయిగా పని చేస్తుంది. ఢిల్లీలో ఐ.టి.ఓ. కూడలి వద్ద సాయంకాలం ఆరు గంటలకు, మే నెల ఎండలో, అడుగడుగునా ఆగుతూ కదులుతూ ఉన్నపుడు క్లచ్‌లు వేడెక్కుతాయి. నూనె త్వరగా చెడుతుంది. నిర్ణీత కాలానికి నూనె మార్చినవారికి అది చాలాకాలం మన్నుతుంది. వెనుకటి యజమాని మార్చినట్లు ఎక్కడా దాఖలా లేదు.

ఒక అధీకృత వర్క్‌షాపువారు మొత్తం పెట్టెను మార్చాలని, రెండున్నర లక్షలని అంచనా ఇచ్చారు. మరమ్మతు చేయరాదా అంటే, తమ విధానంలో మరమ్మతు లేదు, మార్పిడి మాత్రమే ఉన్నదన్నారు. కీర్తి నగర్ వైపు ఒక వృద్ధ సర్దార్జీ మెకానిక్ పెట్టెను విప్పి, నాలుగు కవాటాలు మార్చి, 85 వేలకు కారును నడిపించాడు. ఆయన చేసిన పనికి గ్యారంటీ కాగితం లేదు. మళ్లీ ఆగితే మళ్లీ తీసుకురండి అన్నాడట. ఆగలేదు. పెద్ద కారుకు చిన్న మెకానిక్ దొరికినవాడు మాత్రమే ఈ సాహసం చేయవచ్చునని నేను గ్రహించిన సంగతి. అటువంటి మెకానిక్‌లు ఢిల్లీలో ఉన్నారు, హైదరాబాదులో ఉన్నారు. జిల్లా పట్టణాలలో వెదకడం కష్టం.

బీమా ఉన్నది గదా అని పాఠకులు అనవచ్చును. 1500 సి.సి. దాటిన సొంత కారుకు 2022 జూన్ 1 నుంచి నిర్ణయించిన తృతీయపక్ష ప్రీమియం 7,897 రూపాయలు. పన్నుతో కలిపి 9,318. ఇది చట్టరీత్యా తప్పనిది, పెద్ద భారమూ కాదు. సొంత కారుకు నష్టం కలిగితే ఇచ్చే బీమాలోనే మెలిక ఉన్నది. ప్రామాణిక పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీ వంటి వాటిపై సగం తరుగు తీసివేస్తారు. పదేళ్లు దాటిన కారుకు లోహపు భాగాలపై కూడా సగమే ఇస్తారు. తరుగు లేకుండా మొత్తం చెల్లించే అదనపు పాలసీని సాధారణంగా కొత్త కార్లకే అమ్ముతారు. అంటే లక్ష రూపాయల బంపరు విరిగితే యాభైవేలు యజమానివి. ఇక వానాకాలంలో మింటో వంతెన క్రింద నీరు నిలవడం ఢిల్లీవారికి ఏటా కనిపించే దృశ్యమే. నేలబారు కారు అందులో చిక్కి, ఇంజను నీటిని పీల్చి, లోపలి కడ్డీలు వంగితే ఆ నష్టం ప్రామాణిక పాలసీ పరిధిలోకి రాదు. మిత్రుడు జూలై, ఆగస్టు నెలల్లో మెట్రో రైలులో ఆఫీసుకు వెళతారు.

*

ఇవన్నీ యజమాని తెలిసి తలకెత్తుకొన్న కష్టాలు. వీటిమీద ప్రభుత్వాలను నిందించి ప్రయోజనం లేదు. ఢిల్లీలో వేరొక ఖర్చు ఉన్నది. అది ఏ డైరీలోనూ పద్దుగా వ్రాయడానికి వీలుకానిది.

జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014 నవంబరులో పదిహేనేళ్లు దాటిన వాహనాలను, 2015 ఏప్రిల్‌లో పదేళ్లు దాటిన డీజిలు వాహనాలను రాజధాని రోడ్లపై నిషేధించింది. 2018 అక్టోబరు 29న సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. చాలాకాలం అది కాగితంపై ఉత్తర్వుగానే ఉండి, అప్పుడప్పుడు కొన్ని బండ్లను పట్టుకుపోవడంతో సరిపెట్టుకొన్నది. 2025 జూలై 1న మాత్రం పెట్రోలు బంకులలో కెమెరాలు అమర్చి, కాలం తీరిన వాహనాలకు ఇంధనం పోయరాదన్నారు. మూడవ రోజుకే ఢిల్లీ ప్రభుత్వం వెనుకడుగు వేసింది. గాలి నాణ్యత కమిషన్ అమలును నవంబరుకు వాయిదా వేసింది. ఆగస్టు 12న సుప్రీంకోర్టు, కేవలం వయసును బట్టి యజమానులపై కఠిన చర్యలు తీసుకోరాదన్నది. డిసెంబరు 17న ఆ రక్షణను భారత్ స్టేజ్-4, ఆ పైన ప్రమాణాల వాహనాలకే పరిమితం చేసింది. రాజధాని ప్రాంతంలో ఆ ప్రమాణం 2010 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది గనుక మిత్రుని 2012 కారు ఒడ్డున పడింది. అయితే ఇది మధ్యంతర ఉత్తర్వు మాత్రమే. 2027లో ఆ కారుకు పదిహేనేళ్లు నిండుతాయి.

ఢిల్లీ శీతకాలంలో ఇక్కడ నివసించినవారెవరూ పొగను తేలికగా మాట్లాడరు. నవంబరులో ఈ లేఖ వ్రాస్తున్నపుడు కిటికీ తెరిచే ధైర్యం నాకు ఉండదు. పాత వాహనం కొత్తదానికన్నా ఎక్కువ విషం చిమ్ముతుందన్నది నిజమే. కాని వయసు ఒక్కటే కొలబద్ద కావడంలోని అన్యాయం ఇటువంటి కారులో స్పష్టంగా కనిపిస్తుంది. ఏడాదికి ఆరువేల కిలోమీటర్లు తిరిగి, ప్రతి పరీక్షలోనూ నెగ్గిన బండికీ, రెండున్నర లక్షల కిలోమీటర్లు అరిగిన టాక్సీకీ చట్టం ఒకే పుట్టినరోజు లెక్క వేసింది. పొగను కొలిచే యంత్రం దేశంలో లేకపోతే గదా!

మరొక వింత. 2021 జూలైలో కేంద్రం చేసిన నియమాల ప్రకారం యాభై ఏళ్లు దాటిన కారు ప్రాచీన వాహనంగా గౌరవం పొందుతుంది. ఇరవైవేలు కట్టి ప్రత్యేక నంబరు పొందవచ్చును. ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసుకుపోవచ్చును. పదిహేనేళ్ల వరకు అది కారు. యాభై దాటితే అది వారసత్వ సంపద. నడుమ ముప్పై అయిదేళ్లు దాని గతి ఏమిటి? మద్రాసులో తయారైన రెండు తలుపుల స్టాండర్డ్ హెరాల్డు కార్లను ఈనాడు ర్యాలీలలో చూసి మంత్రులు చప్పట్లు కొడుతున్నారు. 1970లలో ఈ నిబంధనే ఉండి ఉంటే అవి ఏనాడో మాయాపురిలో కరిగి ఉండేవి.

రాజధాని ప్రాంతం వెలుపల పదిహేనేళ్ల తరువాత రిజిస్ట్రేషను పొడిగింపుకు వీలున్నది. అయితే 2022 ఏప్రిల్ నుంచి దిగుమతి కారుకు దాని రుసుము 40 వేలు. 2025 ఆగస్టు సవరణతో ఇరవై ఏళ్లు దాటిన దిగుమతి కారుకు 80 వేలైంది.

ఇరుగు పొరుగు దేశాలలో కథ మరొక రకంగా ఉన్నది. శ్రీలంక 2020 మార్చిలో వాహనాల దిగుమతిని నిలిపివేసి, సొంత కార్లకు 2025 ఫిబ్రవరిలో గాని తలుపు తెరవలేదు. ఆ అయిదేళ్లలో కొలంబోలో పాతకారు ధర తగ్గకపోగా పెరిగింది. పాకిస్తాన్‌లో జపాన్ నుంచి వాడిన మాజ్దా ఆర్‌ఎక్స్-8 కూపేలు చాలానే దిగాయి. వాటిలోని త్రిభుజాకారపు రోటరీ ఇంజను నూనెను తన నిర్మాణరీత్యానే కొంచెం కొంచెంగా తాగుతుంది. పెట్రోలును ధారాళంగా తాగుతుంది. లాహోరులోనూ చవకగా కొన్నవారు తరువాత మెకానిక్ వాకిట పడిగాపులు పడవలసిందే. మిత్రుని డైరీకి అక్కడ జంట డైరీలు తప్పక ఉండి ఉంటాయి.

ఇటీవల మరో చిక్కు వచ్చింది. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు దేశమంతటా వ్యాపించింది. 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖవారే ఒక ప్రకటనలో పాత వాహనాలకు మైలేజీ మూడు నుంచి ఆరు శాతం దాకా తగ్గవచ్చుననీ, కొన్నింటిలో ఇరవై ముప్పై వేల కిలోమీటర్ల తరువాత రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చవలసి రావచ్చుననీ అన్నారు. అది స్వల్ప వ్యయమేనట. మారుతీకి స్వల్పమే. మన కూపేకు ఒక్క రబ్బరు గొట్టం ఎంతకు వస్తుందో ఆ ప్రకటన వ్రాసిన అధికారికి డైరీ చూపించాలని మిత్రుని కోరిక. అధిక ఆక్టేన్ ప్రత్యేక పెట్రోలు లేదా అంటే ఉన్నది. 2020 డిసెంబరులో ఢిల్లీలో విడుదలైనపుడే లీటరు 160 రూపాయలు.

*

మూడేళ్ల మొత్తం ఖర్చు ఏడున్నర లక్షలు దాటింది. 2025 జూలై మొదటి వారంలో, కెమెరాల భయం ఉధృతంగా ఉన్న రోజుల్లో, కరోల్‌బాగ్ వ్యాపారి ఒకడు కారుకు నాలుగు లక్షలిస్తానని కబురంపాడు. వారం తిరిగేసరికి హైదరాబాదు నుంచి మరొకరు ఫోను చేసి అయిదున్నర అన్నారు. ఢిల్లీలో గడువు దగ్గరపడిన కార్లు దక్షిణాదికి తరలిపోవడం కొంతకాలంగా జరుగుతున్నదే. కొనేవారికి ఒక మాట చెప్పడం నా విధి. ఢిల్లీ ధర చూసి మురిసిపోరాదు. ఇక్కడి రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. పన్నెండు నెలలకు మించి అక్కడ ఉంచుకుంటే అక్కడి నంబరు తీసుకోవలసిందే. జీవితకాల పన్నులో వయసును బట్టి మిగిలిన వాటా అక్కడ కట్టవలసిందే. సర్వీసు పుస్తకం లేని కారును ఎంత చవకగా ఇచ్చినా తీసుకోరాదు. గేర్‌బాక్సు నూనె ఎప్పుడు మార్చారని అడిగితే అమ్మేవాడు తల గోక్కుంటే నమస్కారం పెట్టి వచ్చేయడం మేలు. కొన్న ధరలో మూడవ వంతును మొదటి ఏడాదికి విడిగా దాచుకోలేనివారు ఆ వీధి వైపు వెళ్లకపోవడమే మంచిది.

హైదరాబాదు మనిషికి మిత్రుడు ఈ విషయాలన్నీ వివరంగా చెప్పి, డైరీ పేజీల ఫొటోలు పంపారు. ఆయన మళ్లీ ఫోను చేయలేదు. వ్యాపారం తెలియని మనిషివి అని శ్రీమతి కోప్పడ్డారట. దాచిపెట్టి అమ్మితే నాన్నగారి పుస్తకానికి అవమానం అన్నది మిత్రుని సమాధానం.

ప్రస్తుతం కారు మయూర్ విహార్‌లో గుడ్డ కప్పుకొని ఉన్నది. బ్యాటరీ దిగిపోకుండా ఆదివారం తెల్లవారుజామున, రోడ్లు ఖాళీగా ఉన్న వేళ, నోయిడా ఎక్స్‌ప్రెస్ దారిలో ఒక ముప్పై కిలోమీటర్లు నడిపి తెస్తున్నారు. గత ఆదివారం నేనూ వెళ్లాను. యమున మీద మంచు తేలుతున్నది. రోడ్డు తిన్నగా ఉన్నచోట ఆయన కాలు కొంచెం నొక్కారు. వీపు సీటుకు అతుక్కుపోయింది. ఆ అరనిమిషంలో ఆయన ముఖం చూసినవారికి, తొమ్మిది లక్షలు ఎందుకు పెట్టారో, ఏడున్నర లక్షలు ఎందుకు భరించారో వేరే చెప్పనక్కరలేదు. ఇల్లు చేరి గుడ్డ కప్పి, డైరీ తీసి, తేదీ వేసి వ్రాశారు: పెట్రోలు నాలుగు లీటర్లు, టీలు రెండు.